బొడ్రాయి చందా మూడు వేలు

పోయిన నెల మా ఊరి వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడింది. బొడ్రాయి పండుగ పెట్టుకున్నారు. ఇంటికి మూడు వేలు. ఊళ్ళో ఉన్నా, హైదరాబాద్‌లో ఉన్నా, దుబాయిలో ఉన్నా ఇల్లు ఇల్లే. ఆడబిడ్డలందరినీ పిలుచుకోవాలి, చీరలు ఎవరింటివి వాళ్ళే చూసుకోవాలి. కింద ఫోన్‌పే నంబరు. అరగంట కూడా కాలేదు, మస్కట్ నుంచి ఒకడు, బహ్రెయిన్ నుంచి ఇద్దరు డబ్బులు కొట్టి స్క్రీన్‌షాట్లు పెట్టేశారు. ఊరికి గంట దూరంలో, హనుమకొండలో ఉన్న నేను వాళ్ళ తర్వాత కొట్టాను. కొంచెం సిగ్గేసింది కూడా.

పక్కన కూర్చున్న మా బిడ్డ ఫోన్‌లోకి తొంగిచూసి, "నువ్వు దేవుణ్ణే నమ్మవు గదా నాన్నా, మరి మూడు వేలెందుకు?" అంది.

ముప్పై ఐదేళ్ల కింద మా బాపును నేనూ ఇదే అడిగాను. బాపు ఎర్రజెండా మనిషి. ఇంట్లో దేవుని పటం కనపడొద్దు. అవ్వ ఎల్లమ్మ పటాన్ని వంటింటి గూట్లో ఉప్పు కుండ వెనక దాచుకునేది. బాపుకు ఆ సంగతి తెలుసు, తెలియనట్టే ఉండేవాడు. అటువంటి మనిషి బొడ్రాయికి చందా ఇవ్వడానికి వడ్ల సంచి అమ్మాడు. నేను అప్పుడు పదో తరగతి, కొత్తగా చదివిన నాస్తికత్వం నాలిక మీద దురదపెడుతోంది. "దేవుడే లేడన్నవ్, మరి గిదేంది?" అన్నాను. బాపు బీడీ ఆర్పుకుంటూ, "దేవునికి ఎవడిచ్చిండురా? ఊరికిచ్చిన" అన్నాడు.

తప్పించుకున్నాడనుకున్నాను. మనుషులకు మతం ఎందుకు పుట్టిందన్న దాని మీద ఆ తర్వాత చాలా చదివాను. చదివిన కొద్దీ బాపు మాటే పెద్దదవుతూ వస్తోంది.

బొడ్రాయి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఊరి నడుమ భూమిలో పాతిన రాయి అది. ఊరికి బొడ్డు. పండుగ రోజుల్లో పెళ్లిళ్లయి పోయిన ఆడబిడ్డలంతా రావాలి. బలి రక్తం కలిపిన అన్నాన్ని రాత్రిపూట పొలిమేర చుట్టూ చల్లుకుంటూ తిరుగుతారు, దాన్ని పొలి అంటారు. ఆ తంతు ముగిసేదాకా బయటివాళ్ళు లోపలికి రావొద్దు, లోపలివాళ్ళు బయటికి పోవద్దు. ఇదీ పండుగ. నాకు విచిత్రంగా తోచేది ఏమిటంటే, ఈ రాయికి కథ లేదు. మా ఊళ్ళో ముసలివాళ్ళను ఎందరినో అడిగాను. ఎవరికి పుట్టింది, ఎవర్ని చంపింది, వాన కురిపిస్తుందా, పిల్లల్నిస్తుందా? ఎవరూ ఏమీ చెప్పలేదు. ఒక తాత మాత్రం విసుక్కొని, "బొడ్రాయంటే బొడ్రాయే. దానికి కథేంది?" అన్నాడు.

మతం ఎందుకు పుట్టిందంటే మనలో ఎక్కువమంది చెప్పే జవాబు భయం, అజ్ఞానం. పిడుగు ఎందుకు పడుతుందో తెలియక ఇంద్రుణ్ణి పెట్టుకున్నారు, రోగం ఎందుకొస్తుందో తెలియక అమ్మవారిని పెట్టుకున్నారు, సైన్సు వస్తే ఇవన్నీ పోతాయి. స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1757లోనే దీన్ని పద్ధతిగా వాదించాడు. రేపేమవుతుందోనన్న ఆశ, భయం కలిసి దేవుళ్ళను పుట్టించాయన్నాడు. మా బాపు స్నేహితులు అరుగు మీద చెప్పిందీ ఇదే.

ఈ వాదాన్ని పరీక్షకు పెట్టడానికి మనకు పోచమ్మ ఉంది. పోచమ్మ మశూచి తల్లి. ఒళ్ళంతా బొబ్బలొస్తే "తల్లి పోసింది" అనేవాళ్ళు. ఇంటికి వేపమండలు కట్టేవాళ్ళు, చల్లబోనం తీసుకుపోయేవాళ్ళు. సరే, మన దేశంలో మశూచి చివరి కేసు 1975 మేలో దొరికింది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భూమ్మీదే ఆ జబ్బు లేదని ప్రకటించింది. దేవతకు పనిచ్చిన రోగం పూర్తిగా మాయమైపోవడం చరిత్రలో అరుదు. వాదం నిజమైతే పోచమ్మ గుడి ఈపాటికి పాడుబడాలి. మా ఊరి పోచమ్మకు నా చిన్నప్పుడు వేపచెట్టు కింద మూడు రాళ్ళుండేవి. ఇప్పుడు గ్రానైటు గద్దె, స్టీలు గేటు, గోడకు చందాదారుల పేర్లు, ప్రతి పేరు పక్కన రూపాయలు. (ఆటలమ్మ ఇంకా ఉంది కదా అని ఎవరైనా అడగొచ్చు. చికెన్‌పాక్స్ వస్తే మా ఊరోళ్ళు ముందు పోయేది పరకాల డాక్టరు దగ్గరికే.) రోగం పోయింది, టీకా గెలిచింది, బోనం మాత్రం కదల్లేదు. అంటే బోనం పని రోగంతో మాత్రమే ముడిపడి లేదన్నమాట.

ఇంకొక వాదం ఉంది, అది కొంచెం పదునైనది. మన మెదడు ఎక్కడ అలికిడయినా అక్కడ ఎవరో ఉన్నారనుకునేలా తయారైంది. పొదలో గాలికి ఆకు కదిలినా పులి అనుకొని పరుగెత్తినవాడు బతికాడు, గాలేలే అనుకున్నవాడు ఎప్పుడో ఒకరోజు పులికి దొరికాడు. మనం పరుగెత్తినవాళ్ళ సంతానం. అందుకే చీకట్లో తాడు పాము అవుతుంది, ఖాళీ ఇంట్లో అడుగుల చప్పుడు వినిపిస్తుంది. జస్టిన్ బారెట్ వంటి మనస్తత్వ పరిశోధకులు దేవుళ్ళ మూలం ఇక్కడే వెతికారు. నాకు ఇది దయ్యాల వరకు బాగా అతుకుతుంది. మా చింతల తోపు దయ్యం కచ్చితంగా ఇట్లాగే పుట్టి ఉంటుంది. అయితే చింతల తోపు దయ్యానికి ఎవరూ చందా వసూలు చేయలేదు. దాన్ని చూడడానికి ఆడబిడ్డలు జగిత్యాల నుంచి రాలేదు.

మంత్రాలూ అంతే. మాలినోవ్‌స్కీ అనే మానవ శాస్త్రజ్ఞుడు మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి ఒక సంగతి పట్టుకున్నాడు. అక్కడివాళ్ళు ఒడ్డు లోపలి నిలకడ నీటిలో చేపలు పట్టేటప్పుడు మంత్రాలు చదవరు, నడి సముద్రానికి పోయేటప్పుడు తంతులన్నీ చేస్తారు. దీనికి మనం అంత దూరం పోనవసరం లేదు. కాలువ కింద పొలమున్నవాడు ఏ తంతూ చేయడు. బోరు వేసేవాడు మాత్రం అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని తిరిగేవాణ్ణి పిలిపించి, కాయ ఎక్కడ నిలబడితే అక్కడ పాయింటు పెట్టిస్తాడు. నాలుగు వందల అడుగులు దిగినా దుమ్మే లేస్తుందేమోనన్న భయం అట్లాంటిది. అయితే కొబ్బరికాయ పట్టేవానికి గిరాకీ ఉంటుంది గాని జాతర ఉండదు. ఫ్రెంచి సమాజ శాస్త్రజ్ఞుడు దుర్ఖేమ్ 1912లో మంత్రానికీ మతానికీ తేడా దాదాపు ఇట్లాగే చెప్పాడు. మంత్రగాని దగ్గరికి ఎవరి పని మీద వాళ్ళు పోతారు, అక్కడ సంఘం తయారు కాదు.

సంఘం ఎందుకు తయారు కావాలి? ఇక్కడ చెరువు దగ్గరికి పోవాలి.

మాది గొలుసుకట్టు చెరువుల సీమ. పై చెరువు నిండి మత్తడి దుంకితే, అంటే అలుగు పారితే, ఆ నీళ్ళు కింది చెరువుకు. కాకతీయులూ వాళ్ళ సామంతులూ చెరువు, గుడి, ఊరు మూడింటినీ కలిపే కట్టారు. పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో రామప్ప గుడి నిలబెట్టాడు, పక్కనే రామప్ప చెరువుంది. గుడికి యునెస్కో గుర్తింపు 2021లో వచ్చింది, చెరువు కింద పొలాలు మాత్రం ఎనిమిది వందల ఏళ్లుగా పారుతూనే ఉన్నాయి. ఇక ప్రతి చెరువు కట్ట మీదా ఒక కట్టమైసమ్మ ఉంటుంది. ఆమెకు శాసనం లేదు, శిల్పం లేదు. బొట్టు పెట్టిన రాయి.

చెరువు నీటితో చిక్కేమిటంటే, తూము దగ్గర పొలమున్నవాడికి దొంగతనం చాలా సులువు. రాత్రి పోయి కాలువకు చిన్న గండి కొడితే చాలు, చివరి మడి ఎండుతుంది. నీళ్ళు వంతుల ప్రకారం పంచే నీరటివాడు ఒక్కడు, వందల మళ్లు. అతణ్ణి పటేలు బెదిరించగలడు, పాలివాడు బతిమాలగలడు, మూడోవాడు కల్లు పోయించగలడు. మైసమ్మను బెదిరించలేరు, కల్లు పోసినా అందరి ముందూ పోయాలి. మత్తడి దుంకిన రోజు అందరూ కట్ట మీద చేరి యాటను కోసి, తలా కుప్ప పంచుకొని, ఆ నోటితోనే ఈ ఏడు ఏ కాలువకు ఎన్ని రోజులో మాట్లాడుకునేవాళ్ళు. వంతు తప్పినవాడు నీరటివానికి కాదు, ఆ రోజు మాంసం తిన్న ప్రతి ఇంటికీ తప్పినట్టు.

ఇది నా ఊహ మాత్రమే అనుకునేవాణ్ణి, బాలి దీవి సంగతి తెలిసేదాకా. అక్కడి వరి రైతులకు సుబక్ అనే నీటి సంఘాలున్నాయి, వాటి మీద నీటి గుళ్ళున్నాయి. ఏ వాగు కింద ఎప్పుడు నాటెయ్యాలి, ఎప్పుడు పడావు (బీడు) పెట్టాలి అనేది గుళ్ళలో తేలుతుంది. 1970లలో హరిత విప్లవం వచ్చి, గుడి క్యాలెండరు మానేసి వీలైనన్ని పంటలు వేసుకోమన్నారు. ఒక వైపు నీటి కరువు, ఇంకో వైపు చీడపీడలు విరుచుకుపడ్డాయి. స్టీఫెన్ లాన్సింగ్ అనే పరిశోధకుడు లెక్క విప్పాడు. ఇరుగుపొరుగు మళ్లన్నీ ఒకేసారి పడావు పడితే పురుగుకు తిండి దొరక్క చస్తుంది. ఎవరికి వాళ్ళు నాటేస్తే పురుగు ఈ మడి నుంచి ఆ మడికి మారుతూ ఏడాదంతా బతుకుతుంది. పైనున్న రైతుకు నీళ్ళ కొరత లేకపోయినా పురుగు భయం ఉంది, కాబట్టి కిందివాడితో కలిసి నడవడం అతనికీ లాభమే. పూజారి దగ్గర ఈ లెక్క రాసి లేదు. అక్కడ ఉన్నదల్లా అందరూ ఒక తేదీకి లోబడే అలవాటు.

మా ఊళ్ళో దీనికి ఎదురు పరీక్ష కూడా జరిగింది. 1990ల తర్వాత అందరూ బోర్లు వేసుకున్నారు. ఎవని మోటరు వాడు, ఎవని స్టార్టరు వాడు. చెరువులో తుమ్మలు మొలిచాయి. కట్టమైసమ్మకు యాట కోసుడు మొదట ఒక ఏడు తప్పింది, తర్వాత మూడేళ్లు తప్పింది. ప్రభుత్వం చెరువుల బాగుకు పెట్టిన మిషన్ కాకతీయలో పూడిక తీసి, నీళ్ళు నిలిచాక మళ్లీ మొదలైంది. రోగం పోయినా పోచమ్మ పోలేదు. కలిసి చేసుకునే పని పోయేసరికి మైసమ్మ పలచబడింది. ఒక ఊరి ముచ్చట మీద సిద్ధాంతం కట్టొద్దని తెలుసు, అయినా నాకు ఇదే ఎక్కువ నమ్మకంగా తోస్తుంది. మతం ప్రశ్నకు జవాబుగా పుట్టలేదు. కలిసి చేయక తప్పని పనికి, ఎవరూ కాదనలేని పిలుపుగా పుట్టింది.

ఈ పిలుపు వ్యవసాయం కన్నా పాతది కావచ్చు. టర్కీలోని గోబెక్లి తెపెలో 1995 నుంచి క్లాస్ ష్మిట్ తవ్వించిన రాతి స్తంభాలు సుమారు పదకొండు వేల ఐదు వందల ఏళ్ల నాటివి. కొన్ని ఐదు మీటర్లు దాటిన ఎత్తు. కట్టినవాళ్ళు వేటగాళ్ళు, గింజలు ఏరుకు తినేవాళ్ళు, సేద్యం ఇంకా రాలేదు. అది ఉత్త గుడేనని ష్మిట్ అనుకున్నాడు. తర్వాతి తవ్వకాల్లో ఇండ్ల ఆనవాళ్ళు బయటపడి ఆ మాట కొంత సడలింది. సడలినా, అంత బరువు రాళ్ళను లేపడానికి అంతమంది చేతులు ఒకచోటికి వచ్చాయన్నది మారదు. మన తాడ్వాయి అడవిలో దామెరవాయి గుట్టల మీద రాకాసి గూళ్ళు చూడండి. మూడు వైపులా బండలు నిలబెట్టి పైన ఇంకో బండ కప్పిన సమాధులు. పైకప్పు బండ ఒక్కటి ఎత్తాలన్నా ఒక ఇంటివాళ్ళ వల్ల కాదు. చచ్చినవాడు ఒకడు, మోసినవాళ్ళు ఒక ఊరు.

దామెరవాయి నుంచి మేడారం ఎంతో దూరం లేదు. మేడారం గురించి మాట్లాడకుండా మా వైపు మతం గురించి ఎవరూ మాట్లాడలేరు. రెండేళ్లకోసారి, మాఘ పున్నమికి, నాలుగు రోజులు. కన్నెపల్లి నుంచి సారలమ్మ, చిలుకలగుట్ట నుంచి సమ్మక్క గద్దె మీదికొస్తారు. వచ్చేది విగ్రహం కాదు, వెదురూ కుంకుమ భరిణె. కోయ పూజారులు, వడ్డెలు, తెస్తారు. మనిషెత్తు బంగారం ఇస్తామని మొక్కుకుంటారు, బంగారమంటే బెల్లం. కథ ప్రకారం కరువులో కప్పం కట్టలేమన్నందుకు ప్రతాపరుద్రుని సైన్యంతో కొట్లాడి పడిపోయినవాళ్ళు వాళ్ళు. మతం అంటే రాజు జనాన్ని అణచడానికి కనిపెట్టిన ఉపాయం అనేవాళ్ళకు నేను మేడారం చూపిస్తాను. ఇక్కడ జనం మొక్కేది రాజుకు ఎదురుతిరిగినామెకు. బాపుకు మార్క్స్ మాటల్లో నల్లమందు ఒక్కటే గుర్తుండేది. 1844లో ఆయన రాసిన ఆ పేరాలోనే, మతం హృదయం లేని లోకానికి హృదయం అన్న మాట కూడా ఉంది. ఆ సంగతి బాపుకు చెప్పే అవకాశం నాకు దొరకలేదు.

మేడారం జంపన్న వాగులో మొల లోతు నీళ్ళలో, కోడి ఈకలూ బెల్లం ఈగలూ నడుమ నిలబడి, నమ్మకమన్నది లేని నేను ఏడ్చాను. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను. పక్కన ఎవరికో శిగమొచ్చింది (పూనకం), డప్పు మారింది, నా ఒళ్ళు జలదరించింది. జనం గుమిగూడినప్పుడు పుట్టే ఆ ఊపునే మనుషులు దేవుడనుకున్నారని దుర్ఖేమ్ వాదన. దాన్ని ఈ మధ్య కొలిచారు కూడా. స్పెయిన్‌లో సాన్ పెద్రో మాన్రికే అనే చిన్న ఊళ్ళో నిప్పుల మీద నడిచే పండుగ ఉంది. 2011లో వచ్చిన పరిశోధనలో, నడిచేవాళ్ళ గుండె కొట్టుకునే తీరూ చూస్తున్న బంధువుల గుండె కొట్టుకునే తీరూ ఒకదానికొకటి సరిపోయాయి. ఊరికి కొత్తగా వచ్చి చూసినవాళ్ళ గుండెలు సరిపోలేదు. మా ఊరి పీర్ల పండుగలో గుండం చుట్టూ అసోయ్ దూలా ఆడిన ఎవరికైనా ఇది ఆశ్చర్యం కాదు. మా ఊళ్ళో పీరు లేపేది దూదేకుల ఇల్లు, ఆడేది అందరూ.

దేవుడి కన్నా జమయ్యే జాగా గట్టిదని హనుమకొండలో రోజూ చూస్తాను. పద్మాక్షి గుట్ట ఒకప్పుడు జైన బసది, అంటే జైనుల గుడి. 1117 నాటి శాసనం ఉంది, కాకతీయ రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ కట్టించింది. తీర్థంకరుల బొమ్మలు ఇప్పటికీ బండ మీదున్నాయి. మొక్కేది మాత్రం అమ్మవారికి. సద్దుల నాడు గుట్ట కింద గుండం చుట్టూ బతుకమ్మలు పెట్టి తిరిగే ఆడవాళ్ళకు ఈ మార్పుతో పని లేదు.

పెద్ద సమాజాలకు తప్పును శిక్షించే పెద్ద దేవుళ్ళు కావలసి వచ్చారా, లేక సమాజాలు పెరిగాక ఆ దేవుళ్ళు వచ్చారా అనే తగవు ఒకటి నడుస్తోంది. 2019లో నేచర్ పత్రికలో వందల సమాజాల చరిత్రను కంప్యూటరు కెక్కించి, సమాజమే ముందన్నారు. 2021లో ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. సమాచారం దొరకని చోట్ల చాలావరకు అటువంటి దేవుడు లేడనే లెక్కేసుకున్నారని తేలింది. నవ్వొచ్చింది నాకు. మన చరిత్రకారులు చేసేదీ ఇదే కదా. వేయి స్తంభాల గుడికి 1163 శాసనం ఉంది కాబట్టి అప్పుడు శివుడున్నాడు, విష్ణువున్నాడు, సూర్యుడున్నాడు. మైసమ్మకు శాసనం లేదు కాబట్టి ఆమె ఎక్కడా లేదు.

ఇంతవరకు చెప్పింది తియ్యటి సగం. పిలుపు ఉందంటే పిలవనివాళ్ళు ఉంటారు. బొడ్రాయి నాడు బలి ఇచ్చేదీ, అర్ధరాత్రి పొలి మోసుకొని పొలిమేర తిరిగేదీ దళితవాడ మనుషులే. ఊరి హద్దు వాళ్ళ చేతిలో ఉంటుంది. అదే మనిషి రామాలయం మెట్ల దగ్గర ఆగిపోవడం నేను కళ్లారా చూశాను. ఒక ఇంట్లో ముందు నడిపిస్తారు, ఇంకో ఇంటి బయట నిలబెడతారు, రెండిటికీ దేవుణ్ణే సాక్షి పెడతారు. చర్చికి పోయే రెండిళ్ళు ఒకసారి చందా ఇవ్వమంటే కిరాణా కొట్టువాడు వాళ్ళకు సామాను బంద్ పెట్టాడు. ఉత్తర తెలంగాణలో గ్రామాభివృద్ధి కమిటీల బహిష్కరణలు పేపర్లో ఎన్నిసార్లు రాలేదు? ఎవరూ కాదనలేని పిలుపు అని ఇందాక గొప్పగా రాశాను. కాదంటే ఏమవుతుందో ఆ రెండిళ్ళను అడగాలి. కలిపేదీ వెలివేసేదీ ఒకటే తాడు, ఆ తాడు పట్టుకున్నవాళ్ళ కులమేమిటో కూడా అందరికీ తెలుసు. మతాన్ని పొగడడానికి ఈ వ్యాసం రాయడం లేదు.

బాపు పోయినప్పుడు తంతులేవీ చేయొద్దన్నాడు. అవ్వ వినలేదు. మూడో రోజు పిట్టకు పెట్టాం. అన్నం, కోడికూర, కల్లు, ఒక బీడీ కట్ట. కాకి రాలేదు. అందరం దూరంగా జరిగి నిలబడ్డాం, రాలేదు. ఎండ నెత్తి మీదికొచ్చింది. ఎవరో, "ఏం రంది ఉన్నదో మనిషికి" అన్నారు. ఇక ఒక్కొక్కరు ముందుకొచ్చి చెప్పడం మొదలైంది. చిన్నక్క పెళ్లి మేము చూసుకుంటామని మేనమామ అన్నాడు. అప్పు సంగతి తొందరపెట్టనని ఒకాయన అన్నాడు. కాకి లేదు. అప్పుడు మా చిన్నబాపు వచ్చాడు. బాయి నీళ్ళ వంతు దగ్గర బాపుకూ ఆయనకూ పదేళ్లు మాటల్లేవు. చేతులు కట్టుకొని విస్తరి ముందు నిలబడి, "అన్నా, బాయి కాడ నీ వంతు పోరగానికి ఇడిసిపెడుత. ఇగ ముట్టు" అన్నాడు.

కాకి వాలింది. మేము అంత దూరం జరిగి, అంతసేపు కదలకుండా నిలబడ్డాం కాబట్టి వాలింది. నాకు తెలుసు. చిన్నబాపుకూ తెలిసే ఉంటుంది, ఆయన తెలివి తక్కువవాడేం కాదు. కానీ నలభై మంది ముందు, చచ్చిన అన్నతో, ఒక పిట్టను సాక్షి పెట్టి అన్న మాట అది. కోర్టులో ఆ కేసు ఇంకో పదేళ్లు నడిచేది. కాయితం రాసుకోలేదు, ఆ వంతు ఇప్పటికీ మాదే.

మా బిడ్డకు ఇదంతా చెప్పలేదు. "మీ తాత కూడా ఇచ్చిండు" అన్నాను. "ఆయన కూడా నమ్మడు గదా" అంది. "నమ్మడు" అన్నాను. ఆమె మళ్లీ తన ఫోన్‌లో పడింది.

శనివారం పొద్దుగూకే లోపల అందరూ ఊళ్ళో ఉండాలట, ఆ తర్వాత పొలిమేర కట్టేస్తారు. చిన్నక్క జగిత్యాల నుంచి మధ్యాహ్నం బస్సెక్కుతానంది. ఆ బస్సు ఎప్పుడూ ఆలస్యమే. పొద్దున్నే బయల్దేరమని చెప్పాలి. చీర ఇంకా కొనలేదు.